కాయకో టిక్కీ కుట్టిస్తే యార్డు చాలదు

ప్రశ్న: బీటెక్ మూడో ఏడు చదువుతున్నాను. గోడో 4 అనే గేమ్ ఇంజిన్‌లో మిరప తోట గేమ్ చేస్తున్నాను. తోటలో రెండు లక్షల మొక్కలు, వాటి మీద వాలే రామచిలకల గుంపు, వాటిని తోలే పని ఆడేవాళ్ళది. ఒక్కో మొక్కకీ ఎక్స్, వై, జెడ్ పేర్లతో ఒక డిక్షనరీ చేసి, అన్నీ ఒక అర్రేలో పెట్టాను. గీయడానికి మల్టీమెష్ (ఒకే బొమ్మని చాలాచోట్ల ఒకేసారి గీసే పద్ధతి) వాడాను. ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది. మా నాన్న ఫోన్ (2 జీబీ ర్యామ్) లో మాత్రం తోట లోడవుతుండగానే గేమ్ మూసుకుపోతోంది. స్థానాలను తక్కువ మెమరీలో దాచేదెలా?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: మీది మిర్చి ప్రాంతమే కాబట్టి ఆ భాషలోనే చెప్తాను. మీరు కాయకో టిక్కీ (మిర్చి బస్తా) కుట్టించారు. సరుకు కంటే గోనె బరువెక్కువైంది.

లెక్క చూడండి. వెక్టర్3 అంటే మూడు దశాంశ సంఖ్యలు, ఒక్కోటి 4 బైట్లు, మొత్తం 12. మీ సరుకంతా 24 లక్షల బైట్లు, అంటే 2.4 ఎంబీ. వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ వీడియో అంత కూడా ఉండదు. కానీ డిక్షనరీ అంటే పేరు చెప్పగానే విలువ వెతికి ఇచ్చే యంత్రాంగం. దానికి లోపల పట్టికలు కావాలి, పేర్లకీ విలువలకీ విడివిడిగా చోటు కావాలి. ఒక్కో డిక్షనరీ వందల బైట్లు తింటుంది. తక్కువలో తక్కువ 200 వేసుకున్నా రెండు లక్షల మొక్కలకి 40 ఎంబీ. పైగా అవన్నీ మెమరీలో తలో మూలా పడి ఉంటాయి.

డిక్షనరీ తీసేసి నేరుగా వెక్టర్3లనే మామూలు అర్రేలో పెడితే? బాగుపడుతుంది, పూర్తిగా కాదు. గోడోలో మామూలు అర్రే దేన్నైనా పట్టుకోవాలి: అంకె, మాట, నోడ్, ఏదైనా. అందుకని ప్రతి గడీ వేరియంట్ అనే డబ్బా. దాని కొలత 24 బైట్లు, లోపల ఉన్నది 12 అయినా సరే. అదే ప్యాక్డ్ వెక్టర్3 అర్రే వాడితే డబ్బాలుండవు, 12 పక్కన 12 వరసగా ఉంటాయి. మొక్కల సంఖ్య ముందే తెలుసు కదా, రీసైజ్‌తో రెండు లక్షల గడులు ఒకేసారి తెరిచి, నంబరు పట్టి నింపుకుంటూ పోండి. అలాకాక చివర ఒక్కోటీ చేర్చే అపెండ్ మీద అపెండ్ కొడుతూ పోతే మధ్యమధ్యలో అర్రే చోటు చాలక ఇల్లు మారుతూ ఉంటుంది.

మీరు అడిగినదానికి జవాబు ఇక్కడితో అయిపోయినట్టే. కానీ మీ ఉత్తరం రెండోసారి చదివితే నాకు వేరే అనుమానాలొచ్చాయి.

మొదటిది: మొక్కకి వై, అంటే ఎత్తు, ఎందుకు? మిరప మొక్క నేలలోంచే లేస్తుంది, గాల్లో వేలాడదు. నేల ఎత్తు మీ దగ్గర ఎలాగూ ఉంటుంది, అక్కడ అడగండి. అప్పుడు ప్యాక్డ్ వెక్టర్2 అర్రే చాలు, మొక్కకి 8 బైట్లు.

ఇంకొంచెం ముందుకెళ్దాం. మిరప నారు చల్లరు, సాళ్ళలో నాటుతారు. మీ తోట 400 సాళ్ళు, సాలుకి 500 మొక్కలు అనుకోండి. 1,23,456వ మొక్క ఎక్కడుంది? 500తో భాగించండి. భాగఫలం 246, అది సాలు. శేషం 456, అది సాలులో మొక్క. సున్నా నుంచి లెక్క. సాళ్ళ మధ్య దూరంతో ఒకటి, మొక్కల మధ్య దూరంతో ఇంకొకటి గుణిస్తే స్థానం వచ్చేసింది. మరీ దారం పట్టి గీసినట్టుంది అనిపిస్తే మొక్క నంబరునే హ్యాష్ చేసి (ఒక సూత్రంతో కలగాపులగం చేసి), వచ్చినదాంతో జానెడు అటూ ఇటూ జరపండి. అదే నంబరుకి ఎప్పుడూ అదే జరుగు వస్తుంది కాబట్టి దాచక్కర్లేదు. ఏ మొక్కని చిలక కొట్టింది, ఏది బతికుంది అన్నది మాత్రం దాచాలి. దానికి మొక్కకో బైటు, అంతా కలిపి 0.2 ఎంబీ.

రెండోది అసలు దొంగేమో అని నా అనుమానం. మల్టీమెష్ ఒక్కో మొక్కకీ 12 సంఖ్యలు పెట్టుకుంటుంది, ఎక్కడుందో, ఎటు తిరిగిందో, ఎంత పెద్దదో అన్నీ కలిపి. అంటే 48 బైట్లు, మొత్తం 9.6 ఎంబీ. అది సరే. కానీ ఒక మల్టీమెష్‌ని గోడో గీస్తే మొత్తం గీస్తుంది, లేదంటే మొత్తం మానేస్తుంది. కెమెరా వెనకున్న మొక్కలు కూడా లెక్కలోకొస్తాయి. 3డీ బొమ్మలన్నీ త్రిభుజాలతోనే గీస్తారు; మొక్కకి 100 వేసుకున్నా రెండు కోట్లు! మీ నాన్నగారి ఫోన్ అందుకే చేతులెత్తేసి ఉండొచ్చు. తోటని మడులుగా విడగొట్టి, మడికో మల్టీమెష్ పెట్టండి. అర్రే మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి డీబగ్గర్‌లో మానిటర్స్ ట్యాబు తెరిచి స్టాటిక్ మెమరీ గీత చూడండి. ఊహల మీద కోడ్ తిరగరాయొద్దు, నేను రాసి బాధపడ్డాను.

ఇక చిలకలు. అవి ఎగురుతాయి కాబట్టి మూడూ కావాలి, ప్యాక్డ్ వెక్టర్3 అర్రేనే సరైంది. ఎప్పుడైనా వాటి కదలికని కంప్యూట్ షేడర్‌కి (గ్రాఫిక్స్ చిప్ మీద నడిచే కోడ్‌కి) ఇచ్చే ఆలోచన వస్తే ఒక గుంట ఉంది, నేను పడ్డాను. పిట్టల గుంపే అది కూడా. 12 బైట్ల లెక్కన బిగించిన అర్రేని పంపాను. మొదటి పిట్ట చక్కగా ఎగిరింది, మిగతావి పిచ్చెక్కినట్టు చెల్లాచెదురు. రెండు రోజులు నా గణితాన్నే తిట్టుకున్నాను. సంగతేమిటంటే, షేడర్ బఫర్‌లో వెక్3ల (అక్కడి వెక్టర్3ల) అర్రే 16 బైట్లకొకటి చొప్పున నడుస్తుంది. రెండో పిట్ట ఎక్స్ అనుకుని దాని వైని, వై అనుకుని జెడ్‌ని, జెడ్ అనుకుని మూడో పిట్ట ఎక్స్‌ని చదివింది. షేడర్‌లో దాన్ని ఫ్లోట్‌ల అర్రేగా ప్రకటించి మూడేసి చదువుకుంటే సరిపోతుంది. లేదా 4.3 నుంచి ఉన్న ప్యాక్డ్ వెక్టర్4 అర్రే వాడి నాలుగో గడిలో చిలక ఆకలి పెట్టండి. ఖాళీగా పోయే చోటే కదా.

12 బైట్ల కంటే కూడా దించొచ్చా అని అడుగుతారేమో. 1996 నాటి క్వేక్ గేమ్‌లో రాక్షసుల బొమ్మలకి ఒక్కో శీర్షానికి (త్రిభుజం మూలకి) ఎక్స్, వై, జెడ్ తలా ఒక్క బైటే. నాలుగో బైటులో 162 దిక్కుల పట్టికలోంచి ఒక నంబరు. నాలుగు బైట్లలో స్థానం, వెలుతురు లెక్కకి కావలసిన దిక్కు రెండూ! అయితే అక్షానికి 256 మెట్లే కాబట్టి కదిలేటప్పుడు ఒళ్ళు జెల్లీలా వణికేది. మీరు 16 బిట్లు తీసుకుంటే 65,536 మెట్లు. 1,024 మీటర్ల తోటలో మెట్టు సుమారు 1.6 సెంటీమీటర్లు. మొక్కకి ఫరవాలేదు, మెల్లగా కదిలే చిలక ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. మీ గేమ్‌కి ఇంత అవసరం రాదు.

ప్రశ్న: నేను యూనిటీ గేమ్ ఇంజిన్ వాడతాను. వెక్టర్3కి బదులు నా సొంత క్లాస్ రాసుకుని లిస్టులో పెడితే నష్టమా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: నష్టమే. యూనిటీ వెక్టర్3 స్ట్రక్ట్ (చిరునామా కాకుండా విలువే నేరుగా ఉండే రకం), లిస్టులో 12 బైట్ల చొప్పున పక్కపక్కనే కూర్చుంటుంది. క్లాస్ అనగానే ప్రతిదానికీ హెడర్, లిస్టులో దాని చిరునామా చేరి 64 బిట్ ఫోన్‌లో 40 బైట్ల దాకా పోతుంది, వాడని మెమరీని ఏరిపారేసే గార్బేజ్ కలెక్టర్‌కి చాకిరీ అదనం. మీ క్లాస్‌లో క్లాస్ అన్న మాట తీసి స్ట్రక్ట్ అని రాయండి. లిస్టు తెరిచేటప్పుడే కెపాసిటీ ఇవ్వండి. ఆ తర్వాత లిస్టులో ఒకదాని ఎక్స్ మాత్రమే మార్చబోతే కంపైలర్ ఒప్పుకోదు, మీ చేతికొచ్చింది నకలు కాబట్టి. బయటికి తీసి, మార్చి, తిరిగి అదే గడిలో పెట్టండి.