అక్కా ఒక మాట: చీర కొంటే హక్కులొస్తాయా?

ప్రశ్న: అక్కా, మా ఊళ్ళో ఒక బట్టల షాపులో రెండు నెలల నుంచి ట్రాన్స్‌జెండర్ అమ్మాయి చీరల కౌంటర్లో పనిచేస్తాంది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకామె "ఆ షాపుకి ఇంక పోబాకండి, పిల్లల్తో పోలేం" అని పెడితే దానికి పదిమంది దండం బొమ్మలు పెట్టినారు. నాకు కడుపు మండి, అవసరం లేకపోయినా ఆదివారం పొయ్యి ఆ అమ్మాయి దగ్గరే 1,800 పెట్టి చీర కొనుక్కొచ్చా. మా ఆయన నవ్వుతా "వాళ్ళకి హక్కులొచ్చాయో లేదో గానీ నీకు చీరైతే వచ్చింది" అన్నాడు. నేను చేసింది ఉత్త డాబేనా అక్కా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మీ ఆయన మాటలో సగం నిజముంది చెల్లీ, ముందు అది ఒప్పేసుకుందాం. చీర మీ బీరువాలోకి పోయింది, లాభం ఓనర్ జేబులోకి పోయింది, ఆ అమ్మాయికి ఎప్పుడూ వచ్చే జీతమే వస్తది. కాకపోతే మిగతా సగం ఆయనకి తెలీదు, ఎందుకంటే ఆయన షాపు నడపలేదు కదా. ఓనర్ మీ గ్రూపులో దండాలు చూడడు, రాత్రి షట్టర్ దించేముందు ఏ కౌంటర్లో ఎన్ని బిల్లులు తెగినాయో చూస్తాడు. ఆ కౌంటర్ పడిపోతే "మా, నువ్వు గోడౌన్లో సర్దుకో" అంటాడు, ఇంకో నెలకి అదీ ఉండదు. మీ 1,800 ఆ రాత్రి లెక్కలో ఒక గీత, చిన్నదే, అయినా గీతే.

కొనడానికీ హక్కులకీ సంబంధమేంది అని మీ ఆయన మళ్ళీ అంటే, మన జిల్లాలోనే చూడమనండి. 1921 ఏప్రిల్‌లో గాంధీగారు పల్లిపాడులో పినాకిని ఆశ్రమం తెరిచిన రోజుల్లో ఖద్దరు కట్టుకోవడం అంటే ఏంది, నేను ఎటువైపో పదిమందికీ చూపించడమేగా, కాకపోతే ఆ గుడ్డ డబ్బులు వడికినోళ్ళకీ నేసినోళ్ళకీ కూడా పొయ్యేవి, అందుకే అది ఉత్త షోగా మిగల్లేదు. 1992లో దూబగుంట ఆడోళ్ళు మా ఊళ్ళో సారా అమ్మడానికి వీల్లేదని అడ్డం నిలబడ్డారు, మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా సారా బందయింది. వాళ్ళు అమ్మనీలేదు, మీరు పొయ్యి కొన్నారు, రెండూ దుకాణం ముందు పంచాయతీలే.

నా సంగతి ఒకటి చెప్తా, నాకేం గొప్పగా ఉండదు వింటే. మొన్న శ్రావణమాసానికి ముందు నెల్లూరు చిన్నబజార్లో ఒక మ్యాచింగ్ సెంటర్‌కి పొయ్యా, నెమలికంఠం రంగు చీరకి బ్లౌజు పీసు కోసం. కౌంటర్లో ఉండేది ట్రాన్స్‌జెండర్ ఆమె, ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆమె ఏం చేసిందంటే నా చీర కొంగూ నాలుగు పీసులూ పట్టుకుని షాపు గుమ్మం దాకా వచ్చి ఎండలో పెట్టి చూసి "ట్యూబ్‌లైటు కింద అన్నీ ఒకటే రంగమ్మా, బయటికొస్తే తేలిపోద్ది" అని మూడు పక్కన పెట్టేసి ఒకటి నా చేతికిచ్చింది. ముప్పై ఏళ్ళ నుంచి బ్లౌజులు కుట్టిస్తన్నా, ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. ఇంతలో నా పక్కనుండే ఒకావిడ మొహం అటు తిప్పుకుని ఓనర్‌తో "వేరేవాళ్ళనెవర్నన్నా పంపించయ్యా" అనింది. కౌంటర్లో ఆమె ఒక్క మాట మాట్లాడలా, మీటరు కర్ర కింద పెట్టి, గుడ్డ మడత పెట్టి, కుర్రోడిని పిలిచింది, అంతే. నేనూ మాట్లాడలా. బిల్లు కట్టేసి వచ్చేసినా. "ఈమే బాగా చూపిస్తది, ఉండండి" అని ఒక్క మాట అనుండొచ్చు, నోరు పెగల్లేదు. అందుకే మీ 1,800ని నేను తక్కువ చెయ్యలేను.

అయితే అవసరం లేని చీర మళ్ళీ కొనబాకండి. ఎట్టాగూ పండక్కో పెళ్ళికో కొంటారుగా, అది ఆడ కొనండి, ఆమె దగ్గరికే పొయ్యి అడగండి, రంగు వెలుస్తదా, జరీ ఎట్టాంటిది అని మామూలుగా బేరమాడండి. జాలిపడి బేరం మానేస్తే అదీ తేడాగా చూసినట్టే. సెల్ఫీలు అసలొద్దు, ఆమె డ్యూటీలో ఉంది. ఆ గ్రూపులో మాత్రం ఒక్క లైను పెట్టండి, "నేను ఆదివారం ఆడే కొన్నా, భలే చూపించింది" అని. వాదన అక్కర్లేదు. 1,800 కంటే ఇది కష్టమని నాకు తెలుసు, దండాలు పెట్టిన పదిమందిలో ఇద్దరన్నా ఊరికే పెట్టుంటారు.

ఇంకొకటి. 2017లో కొచ్చి మెట్రో వాళ్ళు ట్రాన్స్‌జెండర్లకి ఉద్యోగాలిస్తే దేశమంతా చప్పట్లు కొట్టింది, తీరా చూస్తే అద్దెకి ఇల్లు ఇచ్చేవాళ్ళు లేక కొంతమంది మానుకోవాల్సొచ్చింది. ఉద్యోగం ఉంది, జీతం ఉంది, పడుకోడానికి గది లేదు. మీ అపార్ట్‌మెంట్‌కి టూలెట్ బోర్డు పడినప్పుడు ఈ గ్రూపే మళ్ళీ మాట్లాడుద్ది చూడండి. మీరు అప్పుడేమంటారో నాకు రాయండి.

ప్రశ్న: మాది ఒంగోలులో రెడీమేడ్ షాపు. ట్రాన్స్‌జెండర్ కస్టమర్లు వస్తే ఏ ట్రయల్ రూంకి పంపాలో మా స్టాఫ్‌కి అర్థం కావడంలేదు మేడం. మిగతా కస్టమర్లు ఏమంటారోనని భయం.
– ఒక వ్యాపారి

జవాబు: మీ ట్రయల్ రూంలో ఒకసారికి ఎంతమంది పడతారు సార్? ఒక్కరేగా. ఏది ఖాళీగా ఉంటే అది, ఆమె చీరలు చుడిదార్లు కొంటాంటే లేడీస్ వైపే, దీనికి మీటింగ్ ఎందుకు. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల రక్షణ చట్టం 3వ సెక్షన్ ప్రకారం అందరికీ ఇచ్చే సర్వీసు ట్రాన్స్‌జెండర్ అని ఇవ్వకపోవడం కుదరదు, అది గుర్తుపెట్టుకోండి. భయపడింది మీరొక్కరే అనుకోబాకండి. అమెరికాలో టార్గెట్ అని పెద్ద షాపుల కంపెనీ ఉంది, 2016 ఏప్రిల్‌లో వాళ్ళు ఎవరు ఏ జెండర్‌గా బతుకుతాన్నారో ఆ బాత్రూం, ఆ ట్రయల్ రూం వాడుకోవచ్చు అన్నారు. ఇంక చూడండి గోల, బాయ్‌కాట్ అని పది లక్షల పైన సంతకాలు, ఇంకోవైపు ఇదే కారణానికి పనిగట్టుకుని పొయ్యి ఆడే కొన్నవాళ్ళూ ఉన్నారు, మన కావలి చెల్లెలి లాగా. ఆఖరికి కంపెనీ మాట మార్చలా, అదే ఏడాది 2 కోట్ల డాలర్లు పెట్టి, ఒక్కరే పొయ్యి తలుపేసుకునే బాత్రూంలు మిగతా షాపుల్లో కూడా కట్టిస్తామంది. మీకంత ఖర్చు లేదు. కర్టెన్ తీసేసి తలుపూ గడియా పెట్టించండి చాలు, మీ లేడీ కస్టమర్లు కూడా సంతోషిస్తారు, ఆ కర్టెన్ పట్టుకుని బట్టలు మార్చుకునే బాధ మాకే తెలుసు.

ప్రశ్న: మా అబ్బాయి ఆన్‌లైన్లో 799 పెట్టి రెయిన్‌బో టీషర్టు కొన్నాడు, ట్రాన్స్‌జెండర్లకి సపోర్టంట. డబ్బులు దండగ కాదా?
– ఒక తండ్రి, మార్కాపురం

జవాబు: వేసుకుని మార్కాపురం బస్టాండులో తిరిగితే దండగ కాదండీ, దానికి గుండె కావాలి. ఇంట్లో వేసుకుని ఫోటో పెట్టుకోడానికైతే దండగే. అన్నట్టు రెయిన్‌బో అంటే గేలు, లెస్బియన్లు, ట్రాన్స్‌జెండర్లు అందరికీ కలిపి గుర్తు, ట్రాన్స్‌జెండర్ల జెండా వేరే ఉంది, లేత నీలం, గులాబీ, మధ్యలో తెలుపు, 1999లో మోనికా హెల్మ్స్ అనే అమెరికా ట్రాన్స్ మహిళ చేసింది. కంపెనీల్ని మాత్రం మరీ నమ్మొద్దని చెప్పండి. పైన చెప్పిన టార్గెట్టే 2023లో స్టాఫ్‌కి బెదిరింపులొస్తే ఇట్టాంటి సరుకు కొంత షాపుల్లోంచి తీసేసింది. గాలి ఎటుంటే అటు.

ప్రశ్న: అక్కా, షాపు ఓపెనింగ్ అంటే చాలు హిజ్రాలు వచ్చి 5,000 అడుగుతారు. ఇస్తే సపోర్టు చేసినట్టా, ఇవ్వకపోతే వ్యతిరేకమా?
– ఫ్యాన్సీ షాపు ఓనర్, నెల్లూరు

జవాబు: ఇస్తే ఇచ్చినట్టు, ఇవ్వకపోతే ఇవ్వనట్టు తమ్ముడూ. బలవంతం చేస్తే ఎవరైనా తప్పే. నాకు అర్థంకానిది ఇంకోటుంది. డబ్బులిచ్చినాక వాళ్ళ చేత్తో ఒక రూపాయి బిళ్ళ అడిగి తీసుకుని, దానికి పసుపు పూసి గల్లాపెట్టెలో పెట్టుకుంటారుగా, లక్ష్మి నిలుస్తదని? ఆ చెయ్యి అంత మంచిదైనప్పుడు అదే చెయ్యి మీ బిల్లింగ్ కంప్యూటర్ మీద ఉంటే నష్టమేంది? సుప్రీంకోర్టు 2014లోనే వీళ్ళని థర్డ్ జెండర్‌గా గుర్తించింది, మన రాష్ట్రంలో 2024 జులై నుంచి పింఛను 4,000 అయింది, అది నెల్లూర్లో గది అద్దెకి పోతే ఇంకేం మిగులుద్ది, ఇంక పని ఇచ్చేవాళ్ళు లేకపోతే షాపులెంబడి రాక ఏం చేస్తారు. ఈసారి వచ్చినప్పుడు మీలో కంప్యూటర్ వచ్చినవాళ్ళు, కుట్టుపని వచ్చినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అని అడిగి చూడండి. 5,000 బేరం మాత్రం మీరూ వాళ్ళూ తేల్చుకోండి, మధ్యలో నన్ను లాగబాకండి.