స్పీడు ఎంత చాలో కూర్చున్నవాళ్లే చెప్పాలి

అమ్మాయ్,

బ్రాడీపేట డీటీపీ సెంటర్లో సిస్టమ్‌లన్నీ ‘హై పెర్ఫార్మెన్స్’లో పెట్టానన్నావు. అది ‘బ్యాలెన్స్‌డ్’కి మార్చు. ప్రాసెసర్ కాల్చే కరెంటంతా వేడిగా మారుతుంది, గుంటూరు ఎండల్లో ఆ వేడిని బయటికి తోలడానికి ఏసీ మళ్లీ కరెంటు తాగుతుంది.

ప్రాసెసర్ పవరు ఫ్రీక్వెన్సీతో (అంటే దాని స్పీడుతో) పాటు, వోల్టేజి వర్గంతో (స్క్వేర్‌తో) కూడా పెరుగుతుంది. చివరి కాస్త స్పీడుకి వోల్టేజీ పెంచాల్సి వస్తుంది గనక ఖర్చంతా అక్కడే. రెండూ పదేసి శాతం తగ్గితే స్విచింగ్ పవరు (పనిచేసేటప్పుడు ప్రాసెసర్ కాల్చేది) సుమారు 27 శాతం తగ్గుతుంది, పని మహా అయితే 11 శాతం ఆలస్యమవుతుంది. కొట్టిన అక్షరం 50 మిల్లీసెకన్లకు బదులు 55కి తెరమీద పడితే ఎవరికీ తెలియదు. ఫొటోషాప్‌లో 40 సెకన్ల పని 44 అయితే మాత్రం ఫ్లెక్సీ చేసే కుర్రాడు పసిగట్టొచ్చు. అందుకే అన్ని సిస్టమ్‌లకీ ఒకే స్పీడు పెట్టకు.

ముందు టాస్క్ మేనేజర్ చూడు. డిస్క్ 100 శాతం దగ్గర, సీపీయూ 20 శాతం దగ్గర ఉంటే ఆ నెమ్మదికి కారణం ప్రాసెసర్ కాదు. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించు.

ఆ తర్వాత కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ‘మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్’ 99 శాతం చెయ్యి, అది స్పీడుకి పైహద్దు. చాలా ఇంటెల్ సిస్టమ్‌లలో దీంతోనే టర్బో (మామూలు స్పీడుని మించి పరిగెత్తడం) ఆగుతుంది, సగం లాభం ఇక్కడే కనపడొచ్చు. ఆపైన 90, 80 అలా దించు. 80 పెడితే సరిగ్గా 80 శాతమే నడవాలని లేదు, అసలు స్పీడు టాస్క్ మేనేజర్లో చూసుకో. కరెంటు ఎంత తగ్గిందో చూడ్డానికి గోడ సాకెట్‌కి పెట్టే వాట్ మీటర్ ఒకటి కొనుక్కో.

ఒక్కో మెట్టు మీద రెండు మూడు రోజులు ఉంచు. మార్చినట్టు ఎవరికీ చెప్పకు, చెబితే బాగున్నదాన్ని కూడా నెమ్మదించిందంటారు. సాయంత్రం “ఇవాళ సిస్టమ్‌కి అయిదుకి ఎన్ని మార్కులు?” అని అడిగి రాసిపెట్టు. మధ్యలో ఒకరోజు చెప్పకుండా 100కి తీసుకురా. అప్పుడూ మార్కు పెరగకపోతే వాళ్ల చిరాకు స్పీడు మీద కాదు, నెట్ మీదో మౌస్ మీదో అయ్యుంటుంది. మార్కు పడిపోయిన మెట్టుకి ఒక మెట్టు పైన ఆపు. అప్లికేషన్లు నింపే సిస్టమ్, అను ఫాంట్లతో పేజ్‌మేకర్ నడిపే సిస్టమ్ బాగా కిందికి దిగుతాయి. ఫొటోషాప్‌ది 99 దగ్గరే ఆగినా ఆశ్చర్యం లేదు.

మరీ దించితే లాభం పోతుంది. పని సాగినంతసేపూ మానిటర్, ర్యామ్, డిస్క్ వెలుగుతూనే ఉంటాయి కదా. ‘మినిమమ్ ప్రాసెసర్ స్టేట్’ 5 శాతం దగ్గరే వదిలెయ్, పనిలేనప్పుడు ప్రాసెసర్ తనే తగ్గుతుంది.

ఏప్రిల్ చివర్లో హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు రేకులు) దుమ్ము దులిపించి, ఈ పరీక్ష మళ్లీ పెట్టు. ప్రాసెసర్ సుమారు 100 డిగ్రీలకు చేరితే తనంతట తనే తగ్గిపోతూ, పెరుగుతూ ఉంటుంది. మనుషులకు నికరమైన నెమ్మది కన్నా ఆ ఊగిసలాటే ఎక్కువ చిరాకు.

మావయ్య