ఆరుబయట పాఠాలతో అబ్బాయి మనసు కుదుటపడుతుందా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయికి ఏడాదిగా బడి ఉన్న రోజుల్లో పొద్దున్నే కడుపునొప్పి వస్తోంది. రాత్రి సరిగా నిద్రపోడు. వైద్య పరీక్షల్లో ఏ లోపమూ లేదన్నారు. ఈ ఏడు బడిలో వారానికి రెండు పాఠాలు కొబ్బరితోటలోనో కాలువ గట్టు మీదో చెబుతున్నారు. ఆ రోజుల్లో హుషారుగా వెళ్తాడు. చదువు దెబ్బతింటుందని మావారి భయం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఆ రెండు రోజుల హుషారు. సెలవు రోజుల్లో లేకుండా బడి రోజుల్లోనే వచ్చే కడుపునొప్పికి ఈ వయసులో చాలాసార్లు ఆందోళనే కారణం. అయితే నొప్పి మాత్రం నిజమైనదే, కాబట్టి అబ్బాయి నటిస్తున్నాడని ఎవరూ అనవద్దు.

ఉదయపు వెలుతురు ఒంటిలోని గడియారాన్ని సరిచేసి, రాత్రి వేళకు నిద్ర పట్టేలా చేస్తుంది. అంతకన్నా పెద్ద మేలు మరొకటి ఉంది. కాలువలో కొబ్బరాకు ముక్కను వదిలి, అది పది మీటర్లు ఎన్ని సెకన్లలో దాటిందో స్నేహితులతో కలిసి లెక్కగట్టే పిల్లవాడికి, బెంచీ మీద లేచి నిలబడి తప్పు చెబుతానేమోనన్న బెదురు ఉండదు. బయట పాఠం విని తరగతికి తిరిగి వచ్చాక పిల్లల శ్రద్ధ పెరిగినట్టు కొన్ని అధ్యయనాల్లో తేలింది కూడా. మీవారిని ఒకసారి ఆ పాఠం జరిగేచోటికి వెళ్లి చూడమనండి.

అలాగని ఇది చికిత్సకు బదులు కాదు. వారానికి రెండు గంటలు తోటలో గడిపి, మిగిలిన రోజులన్నీ తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా ట్యూషన్లలో కూర్చుంటే ఫలితం అంతంతమాత్రమే. ఐదు నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసే ఆటపాటలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముందుగా సాయంత్రం ట్యూషన్ ఒకటి తగ్గించి, ఆ సమయాన్ని ఆటకు వదిలేయండి.

మన లంక ప్రాంతాల ఉక్కపోత మీకు తెలిసిందే. మార్చి నుంచి బయటి పాఠాలు పొద్దున్నే, నీడలోనే ముగించమని బడివారిని కోరండి. గట్టు మీద ఉన్నంతసేపూ పిల్లల వెంట ఉపాధ్యాయుడు ఉండి తీరాలి.

నిద్రలేమి ఏడాదిగా ఉందన్నారు కనుక, ఈ హుషారును చూసి ఆగిపోకుండా మానసిక వైద్యుడికి ఒకసారి చూపించండి. అబ్బాయి స్నేహితులకు దూరమైనా, తిండి మానేసినా ఆలస్యం చేయవద్దు. చనిపోవాలని ఉందన్న మాట వస్తే ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.