రష్యా గ్యాస్, ఐరోపా మొహమాటం

ప్రశ్న: రష్యా పొరుగు దేశాల మీద పడినప్పుడల్లా ఐరోపా దేశాలు ఖండించాయి. ఆ ఖండనలు జరుగుతుండగానే రష్యా గ్యాస్ మరింత ఎక్కువ కొన్నాయి. ప్రమాదం తెలియకా, తెలిసేనా?
– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: తెలిసేనమ్మా. తేదీలు పక్కపక్కన పెట్టి చూడు, నీకే అర్థమవుతుంది.

2008 ఆగస్టులో రష్యా సైన్యం జార్జియాలోకి దిగింది. ఐదు రోజుల యుద్ధం. రష్యాతో కొత్త ఒప్పందం చర్చలు వాయిదా వేస్తున్నామని సెప్టెంబరు 1న ఐరోపా యూనియన్ ప్రకటించింది. నవంబరులో మళ్లీ మొదలుపెట్టింది. జార్జియా నుంచి విడిపోయిన అబ్ఖాజియా, దక్షిణ ఒసెతియా ప్రాంతాల నుంచి రష్యా సైన్యం అప్పటికీ కదల్లేదు, ఇప్పటికీ కదల్లేదు.

ఆ చలికాలంలోనే, 2009 జనవరిలో, ఉక్రెయిన్‌తో ధరల తగాదా ముదిరి, ఆ దేశం మీదుగా ఐరోపాకు వెళ్లే గ్యాస్ దాదాపు రెండు వారాలు నిలిచిపోయింది. బల్గేరియాకు గ్యాస్ రావడానికి అప్పట్లో వేరే దారి లేదు. అక్కడ పాఠశాలలు మూతపడ్డాయి. స్లొవేకియా అత్యవసర పరిస్థితి ప్రకటించి, అప్పుడే మూసేసిన అణు రియాక్టరును మళ్లీ నడపడానికి సిద్ధపడింది. ఇంత జరిగాక ఎవరైనా ఇంకో అమ్మకందారును వెతుక్కుంటారు. జర్మనీ మాత్రం అదే అమ్మకందారు దగ్గర్నుంచి ఇంకో దారి వేయించుకుంది. ఉక్రెయిన్‌నీ పోలండ్‌నీ తప్పించి, బాల్టిక్ సముద్రం అడుగున వేసిన నార్డ్ స్ట్రీమ్ పైపులైనులో 2011లో గ్యాస్ పారింది. దానికి 2005లో ఊపిరి పోసిన జర్మన్ చాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్, పదవి దిగగానే ఆ కంపెనీ వాటాదారుల కమిటీకి అధ్యక్షుడయ్యాడు. పోలండ్ రక్షణ మంత్రి సికోర్‌స్కీ 2006లోనే దీన్ని 1939 నాటి హిట్లర్–స్టాలిన్ ఒప్పందంతో పోల్చాడు. రష్యా చేతిలో దెబ్బలు తిన్న దేశం మాట అది. వినాల్సింది.

2014 మార్చిలో క్రిమియాను రష్యా కలిపేసుకుంది. ఏడాదిన్నర తర్వాత, 2015 సెప్టెంబరులో, ఒకే నెలలో రెండు పనులు జరిగాయి. నార్డ్ స్ట్రీమ్ 2 కోసం పడమటి ఐరోపా కంపెనీలు రష్యా ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్‌తో సంతకాలు చేశాయి. జర్మనీలో రేడెన్ అనే ఊళ్లోని భూగర్భ గ్యాస్ నిల్వ కేంద్రం పూర్తిగా గాజ్‌ప్రోమ్ చేతికి వెళ్లింది. పత్రికలన్నీ మొదటిదాని గురించే రాశాయి. గోదావరి జిల్లాల్లో గ్యాస్ పైపులైన్ల మీద ఉద్యోగం చేసినవాణ్ణి, నన్ను అడిగితే రెండోదే ఘోరం.

ఎందుకో చెబుతాను. చలిదేశాల్లో గ్యాస్ వాడకం వేసవిలో పడిపోతుంది, చలికాలంలో ఒక్కసారిగా పెరుగుతుంది. బావుల నుంచి వచ్చేదాన్ని అలా ఇష్టమొచ్చినట్టు పెంచలేం. అందుకని వేసవిలో మిగిలినది కంప్రెసర్లతో భూమిలోకి ఎక్కించి దాస్తారు. రేడెన్ ఒక ఖాళీ అయిన పాత గ్యాస్ క్షేత్రం, దాదాపు రెండు కిలోమీటర్ల లోతున ఉంటుంది. సుమారు 400 కోట్ల ఘనపు మీటర్లు పడుతుంది, జర్మనీ నిల్వ సామర్థ్యంలో అయిదో వంతు. ఇలాంటి రాతిపొరలోకి గ్యాస్ మెల్లగా ఎక్కుతుంది, నెలలు పడుతుంది. వేసవంతా ఊరుకుని అక్టోబరులో కంగారుపడితే నిండదు.

2021 వేసవిలో దాన్ని నింపలేదు. చలికాలం మొదలయ్యేసరికి పదో వంతు కూడా లేదు. ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సిందంతా ఇస్తున్నామని గాజ్‌ప్రోమ్ చెప్పుకుంది. ఉక్రెయిన్ సరిహద్దులో అప్పటికే సైన్యం పోగవుతోంది. నిల్వలు ఇంత మేరకు నింపి తీరాలనే చట్టం జర్మనీలో అప్పటికి లేదు, 2022 వసంతంలో గానీ తేలేదు. 2021లో జర్మనీ దిగుమతి చేసుకున్న గ్యాస్‌లో సగానికి పైగా రష్యాదే. అందుకే 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక కొన్ని రష్యా బ్యాంకుల్ని స్విఫ్ట్ చెల్లింపుల వ్యవస్థ నుంచి తప్పించినప్పుడు గాజ్‌ప్రోమ్‌బ్యాంకును మాత్రం వదిలేశారు. గ్యాస్ డబ్బు కట్టేది దాని ద్వారానే కదా! మొహమాటమంటే అదే.

ఈ విధానాన్ని నమ్మినవాళ్లందరూ అమ్ముడుపోయారని నేననను. 1970లో పశ్చిమ జర్మనీ పైపులిచ్చి సోవియట్ గ్యాస్ తీసుకుంది. ప్రచ్ఛన్న యుద్ధమంతా ఆ వ్యాపారం సాగింది. వ్యాపారముంటే యుద్ధం రాదని చాలామంది మనస్ఫూర్తిగా నమ్మారు. జార్జియా తర్వాత కూడా నమ్మడాన్నే నేను క్షమించలేను. వేరే దారి లేదన్న మాట కూడా నిజం కాదు. చిన్న దేశం లిథువేనియా 2014లోనే క్లైపెడా రేవులో ద్రవ గ్యాస్ దించుకునే ఓడను నిలబెట్టుకుంది, 2022 ఏప్రిల్‌లో రష్యా గ్యాస్ మానేసింది. జర్మనీ కూడా తలుచుకున్నాక విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లో అలాంటి టెర్మినల్‌ను ఏడాది తిరక్కుండానే కట్టింది.

ప్రశ్న: రష్యా ముడి నూనె కొన్నామని అమెరికా మా రొయ్యల మీద సుంకం వేసింది. వాళ్లు రష్యా సరుకు కొనలేదా?
– రొయ్యల రైతు, భీమవరం

జవాబు: కొన్నారండీ. తమ అణు విద్యుత్ కేంద్రాలకు రష్యా యురేనియం తెచ్చుకున్నారు. 2024లో నిషేధం చట్టం చేసి, 2027 చివరి దాకా మినహాయింపులు పెట్టుకున్నారు. ఐరోపా కూడా మానలేదు, సైబీరియాలోని యమాల్ నుంచి ద్రవ గ్యాస్ ఓడలు యుద్ధం మొదలయ్యాక కూడా ఐరోపా రేవులకు వచ్చాయి. రష్యా ముడి నూనె అందరికన్నా ఎక్కువ కొనే చైనా మీద ఆ పేరుతో అమెరికా సుంకం వేయలేదు. మన మీద మాత్రం 2025 ఆగస్టు 27 నుంచి అదనంగా 25 శాతం, మొత్తం 50 శాతం పడింది. అన్యాయమే.

అయితే మన వైపు కూడా చూసుకోవాలి. యుద్ధానికి ముందు మన నూనె దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం అటూ ఇటూ. తర్వాత మూడో వంతు దాటింది. ఆ డబ్బు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరం మీద పడే క్షిపణులకూ పోతుంది, అది మరచిపోకూడదు. రాయితీ మీద నూనె వచ్చిన ఆ కాలంలో, 2022 మే తర్వాత దాదాపు రెండేళ్లు బంకులో ధర పెద్దగా కదల్లేదు, 2024 మార్చిలో లీటరుకు 2 రూపాయలు తగ్గించారు. చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లకు జనరేటరు నడిపే మీకు అదెంత ఊరటో మీకే తెలుసు. రాయితీ నూనె వల్ల ఎవరికెంత మిగిలింది, సుంకం దెబ్బ తిన్న చెరువుల రైతుకు అందులో ఎంత ఇస్తారు అని మీ ఎంపీని రాతపూర్వకంగా అడగండి.