శ్రీనూ, సంతకం పెట్టేముందు ఇది చదువు

చి. శ్రీనుకు,

మామయ్య దీవెనలు. హవల్దారుగా రిటైరై వచ్చేస్తున్నావని, మీ తోడల్లుడితో కలిసి హార్డ్‌వేర్ షాపు పెడుతున్నావని, పొద్దున్నే ఊరి కుర్రాళ్ళకి ఆర్మీ సెలెక్షన్ కోసం పరుగు నేర్పిస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దాని గొంతులో ఎంత సంతోషమో! నాకూ ఛాతీ ఉప్పొంగింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "అలాగే మామయ్యా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

చిన్న పనులు ముందు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డుకి దరఖాస్తు పెట్టు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు రాయించుకో. సైనిక పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్‌లో ఏటా లైఫ్ సర్టిఫికెట్ మర్చిపోకు. పద్మ పేరు, పిల్లల పుట్టిన తేదీలు నీ రికార్డుల్లోనూ ఆధార్‌లోనూ ఒకేలా ఉన్నాయో లేదో యూనిట్‌లో ఉండగానే చూసుకో, తేడా ఉంటే సర్వీసు రికార్డులో మార్పు ఎక్కేలా పార్ట్ టూ ఆర్డర్ వేయించు. ఆ కార్యాలయంలో కూర్చుని భర్త పోయిన ఆడవాళ్ళకి ఫారాలు నింపిపెడుతుంటాను కదా, ఒక్క అక్షరం తేడాకి ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోయి వాళ్ళు తిరిగే తిరుగుడు చూడలేకపోతున్నానురా.

ఇక డబ్బు. కమ్యుటేషన్ కింద పెన్షన్‌లో సగం వరకు ఒకేసారి తీసుకోవచ్చు. ఆ మేరకు 15 ఏళ్ళ దాకా నెల పెన్షన్ తగ్గుతుంది. వచ్చిందంతా షాపులో పెడతానన్నావట. వద్దు. ఎందుకు వద్దో తెలియాలంటే మా సెక్షన్‌లో నాయక్ హోదాలో ఉన్న మనిషి సంగతి వినాలి.

పేరు రాయను, పిల్లలున్నారు. మేం మద్రాస్ సాపర్లం, అంటే ఆర్మీ ఇంజనీర్ దళం వాళ్ళం. పాకిస్తాన్‌తో యుద్ధంలో, 1971 డిసెంబర్ 15 రాత్రి బసంతర్ నది దగ్గర మందుపాతరల మధ్య దారి తీస్తున్నాం. గడ్డకట్టే చలి, పైనుంచి షెల్లింగ్. అతను నేల పొడుస్తూ ముందు పోతుంటే నేను వెనక దారి గుర్తుకి టేపు పరుచుకుంటూ పోయాను. "రా" అంటే అడుగు వేశాను, "ఆగు" అంటే ఆగాను. దారి పూర్తికాకముందే మన ట్యాంకులు అందులోంచి దాటాయి. 16న ఆ పోరులోనే పూనా హార్స్ ట్యాంకు రెజిమెంట్‌కి చెందిన అరుణ్ ఖేత్రపాల్ గారు అమరులయ్యారు. 21 ఏళ్ళు. పరమవీర చక్ర ఇచ్చారు. మా నాయక్ మాట మీద ఆ రాత్రి ఎంతమందిమి బతికామో నాకు తెలుసు.

అలాంటి మనిషి బయటికొచ్చాక బావమరిదితో కలిసి ఎరువుల షాపు పెట్టాడు. కమ్యుటేషన్, గ్రాట్యుటీ మొత్తం అందులోనే పోశాడు. కాగితం రాసుకోలేదు. మనవాడేగా అన్నాడు. పక్కవాడి మాట మీద ప్రాణం పెట్టి బతికినవాడికి బయట మాటలు కూడా అంత గట్టివే అనిపిస్తాయి. పైగా చూపించిన చోట సంతకం పెట్టడం మనకి అలవాటైపోతుంది. బ్యాంకు కాగితాల మీద, హామీ పత్రాల మీద, ఖాళీ చెక్కుల మీద అన్నిటి మీదా పెట్టాడు. వానలు లేక రైతుల దగ్గర బాకీలు రాలేదు. బావమరిది ఊరు దాటాడు. 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం ప్రకారం షాపు అప్పు మొత్తానికీ ఏ భాగస్వామినైనా పట్టుకోవచ్చు. దొరికినవాడు ఇతనే. ఇల్లు పోయింది. 1871 నాటి పెన్షన్ల చట్టం ఉంది కాబట్టి పెన్షన్‌ని ఎవరూ జప్తు చేయలేకపోయారు. అదీ సగమే, మిగతా సగం ముందే తీసుకుని షాపులో పోశాడుగా.

డబ్బు పోవడం కాదు శ్రీనూ నా భయం. అతను ఈ సంగతి భార్యకి చెప్పలేదు, నాకూ చెప్పలేదు. రాత్రిళ్ళు ఎక్కడో గోడౌన్‌కి కాపలా కాస్తూ, ఇంట్లో షాపు లెక్కలు చూసుకుంటున్నానని చెప్పేవాడు. గోడకి నోటీసు అంటించిన రోజున ఆవిడకి తెలిసింది. "అన్నయ్యా, ఇల్లు పోతే పోయింది, నన్ను పరాయిదాన్ని చేశారు" అని నా దగ్గర ఏడ్చింది. వెళ్ళి నిలదీస్తే, "యుద్ధం చేసొచ్చినవాణ్ణి, ఓడిపోయానని ఎవరికి చెప్పుకోను?" అన్నాడు. మందుపాతరల్లోకి కూడా ఒక్కణ్ణీ ఒంటరిగా పంపలేదు కదరా మనల్ని!

నీకూ ఆ గుణముంది. చిన్నప్పుడు చెట్టు మీంచి పడి చెయ్యి విరిగితే, అమ్మ ఏడుస్తుందని సాయంత్రం దాకా జేబులో పెట్టుకుని తిరిగావు. సరిహద్దు నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా "అంతా బాగుంది" తప్ప ఇంకో మాట లేదు. అక్కడ సరే. షాపులో ఇలా ఉంటే నేను ఒప్పుకోను.

పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాయించి రిజిస్టర్ చేయించు. ఎవరెంత పెట్టారు, నష్టమొస్తే వాటా ఎంత, విడిపోతే ఎలా, ఇద్దరి సంతకాలు లేకుండా అప్పు తేకూడదు, అన్నీ ఉండాలి. మీ తోడల్లుడు మంచివాడే, నాకు అనుమానం లేదు. నొచ్చుకుంటే మామయ్య పట్టుబట్టాడని చెప్పు. నెలనెలా లెక్కలు పద్మ ముందు పెట్టు. నువ్వు లేనన్నాళ్ళూ ఇల్లు నడిపింది ఆ పిల్లే. నా మోటార్ వైండింగ్ షాపులో ఖాతా పుస్తకం మీ అత్తయ్యే రాసేది. "ఈయనకి ఇక అరువు ఇవ్వకండి" అంటే గొణుక్కునేవాణ్ణి గానీ ఇచ్చేవాణ్ణి కాదు. షాపు నిలబడింది అందుకే.

కుర్రాళ్ళకి నేర్పడం మాత్రం మానకు. షాపుకన్నా నాకు అదే ఎక్కువ ఇష్టం. రూపాయి తీసుకోకు. ఉద్యోగం ఇప్పిస్తామనే దళారులు గ్రౌండ్ చుట్టూ చేరి నీ పేరు వాడుకుంటారు, మొదటి రోజే తల్లిదండ్రుల్ని పిలిచి ఆ సంగతి చెప్పు. అగ్నివీర్ అంటే 4 ఏళ్ళు, ఆపైన ఉంచుకునేది 25 శాతం వరకే, కాబట్టి 1.6 కిలోమీటర్ల పరుగుతో పాటు చదువు కూడా అడుగుతుండు. సెలెక్షన్‌లో పోయినవాడు సిగ్గుపడి ఇంట్లో దాక్కుంటాడు. మర్నాడే వాడింటికెళ్ళి గ్రౌండ్‌కి తీసుకురా.

డీడ్ నకలు పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయించి పంపు. నేనూ అత్తయ్యా చదువుతాం. ఆమె సరే అనేదాకా ఒక్క చెక్కూ రాయకు.

మీ మామయ్య