గాల్‌బ్లాడర్ తీసేస్తే కొవ్వు ఎలా జీర్ణమవుతుంది?

మీ అమ్మగారికి వచ్చే నెలలో గాల్‌బ్లాడర్ తొలగిస్తున్నారని, ఆ తర్వాత జీవితాంతం నెయ్యి, నూనె మానేయాలేమోనని అడిగారు. 2019లో నాకు ఇదే ఆపరేషన్ జరిగింది. పూర్తిగా మానేయవలసిన అవసరం నాకైతే రాలేదు.

కొవ్వు అరగడానికి తోడ్పడే పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయమే కానీ పిత్తాశయం (గాల్‌బ్లాడర్) కాదు. కాలేయం రోజుకు సుమారు 600 నుంచి 1000 మిల్లీలీటర్ల పైత్యరసాన్ని స్రవిస్తుంది. పిత్తాశయం అందులో కొంత తీసుకుని, నీటిని పీల్చి చిక్కబరచి, 30 నుంచి 50 మిల్లీలీటర్ల మేరకు నిల్వ ఉంచుతుంది. కొవ్వు చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలాన్ని చేరగానే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోను విడుదలై, పిత్తాశయం ముడుచుకుని రసాన్ని పేగులోకి వదులుతుంది. పైత్యరసంలో జీర్ణ ఎంజైములు ఉండవు. తలంటుకునేటప్పుడు కుంకుడు రసం జుట్టుకు పట్టిన నూనెను విడగొట్టినట్టే, అది కొవ్వును సన్నని బిందువులుగా విడగొడుతుంది; వాటిని అరిగించేది క్లోమం (పాంక్రియాస్) నుంచి వచ్చే లైపేజ్ అనే ఎంజైము.

నాకు విందు భోజనం చేసిన రాత్రుల్లోనే కుడి డొక్కలో నొప్పి మొదలై కుడి భుజం వెనక్కి పాకేది. గ్యాస్ అనుకుని ఏడాదిపాటు మాత్రలతో నెట్టుకొచ్చాను. కొవ్వు తిన్నప్పుడల్లా ముడుచుకోబోయే పిత్తాశయం ద్వారానికి రాయి అడ్డుపడుతోందని అల్ట్రాసౌండ్ తీశాకే తెలిసింది. ఆపరేషన్ తర్వాత చిన్న సీసాలో పోసి చూపించారు: కందిగింజలంత రాళ్లు పదకొండు, పసుపు కలిసిన గోధుమ రంగులో, అంచులు అరిగి ఉన్నాయి.

పిత్తాశయం లేనప్పుడు రసం ఆగదు. కాలేయం నుంచి నేరుగా, కొద్దికొద్దిగా పేగులోకి దిగుతూనే ఉంటుంది. అందుకే కొద్దిపాటి కొవ్వు ఇబ్బంది పెట్టదు, ఒక్కసారిగా ఎక్కువ పడితేనే కొందరికి కష్టమవుతుంది. మూడో వారంలో నాలుగు మినప గారెలు తిని, ఆ సాయంత్రమంతా విరేచనాలతో నీరసించిపోయాను. పైత్యరసంలో ఉండి కొవ్వును విడగొట్టే పైత్య లవణాలలో దాదాపు 95 శాతం చిన్నపేగు చివరి భాగంలో తిరిగి శోషణ చెంది కాలేయానికి చేరతాయి. మిగిలినవి ఎక్కువై పెద్దపేగులోకి జారితే అక్కడికి నీరు చేరి విరేచనాలు అవుతాయి. ఆ తర్వాత ఇడ్లీ, పప్పుచారు, మజ్జిగ అన్నంతో, పూటకు అర చెంచా నెయ్యితో మొదలుపెట్టి మెల్లగా పెంచాను. మూడు నెలలకు ఇంట్లో అందరూ తినేదే తినగలిగాను. ఇప్పటికీ గారెలైతే రెండే.

అమ్మగారికి విరేచనాలు వారాల తరబడి తగ్గకపోతే పైత్య లవణాలను బంధించే మందులు ఉన్నాయి, డాక్టరుగారిని అడగండి. ఆపరేషన్ తర్వాత కళ్లు పచ్చబడినా, చలిజ్వరం వచ్చినా, మూత్రం ముదురు రంగులోకి మారినా మాత్రం తెల్లవారేదాకా ఆగకండి. పైత్యరసం పేగులోకి దిగే పైత్యనాళంలో రాయి మిగిలిపోయి ఉండవచ్చు, నాళానికి దెబ్బ తగిలి ఉండవచ్చు.