ఇంగ్లండ్ మత సంస్కరణల కాలంలో రాజుగారి దగ్గర చాప్లిన్‌గా, అంటే ఆస్థాన గురువుగా, చేరినవాళ్ల జీవితం ఎలా సాగేది?

వాళ్లు పైకి వచ్చేవాళ్లా, ప్రాణాలు పోగొట్టుకునేవాళ్లా అని కూడా అడిగారు. రెండూ జరిగాయి. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి చాప్లిన్‌గా చేసిన నికొలస్ రిడ్లీని 1555లో ఆక్స్‌ఫర్డ్‌లో సజీవంగా తగలబెట్టారు. నేను మాత్రం చాప్లిన్‌గా మొదలై కాంటర్‌బరీ ఆర్చిబిషప్ దాకా ఎదిగిన మాథ్యూ పార్కర్ గురించి చెబుతాను. కేంబ్రిడ్జ్‌లో చదువుకున్న ఏడాదిలో ఆయన సేకరించిన పుస్తకాలను కళ్లారా చూశాను. అప్పటి నుంచి ఆయన మీద నాకు చెప్పలేనంత అభిమానం.

పార్కర్ 1504లో నారిచ్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జ్‌లో కార్పస్ క్రిస్టీ కాలేజీలో చదివి అక్కడే ఉండిపోయాడు. 1535లో హెన్రీ భార్య ఆన్ బొలీన్ రాణి తన చాప్లిన్‌గా రమ్మని కబురు పెట్టింది. చాప్లిన్ అంటే ప్రార్థన చేయించడం, వాక్యం చెప్పడం మాత్రమే కాదు. దానితో పాటు ఏదో ఒక చర్చి పదవి, దాని మీద ఆదాయం కూడా వచ్చేవి. ఆయనకు సఫొక్‌లోని స్టోక్ అనే చోట ఒక చర్చి కాలేజీకి డీన్ (పెద్ద) పదవి దక్కింది.

ఏడాది తిరిగేసరికి అంతా తారుమారైంది. 1536 మే 2న ఆన్‌ను అరెస్టు చేశారు, 19న తల తీశారు. అరెస్టుకు కొద్ది రోజుల ముందే ఆమె తన కూతురు ఎలిజబెత్ బాగోగులు చూడమని పార్కర్‌ను కోరింది. పాపకు అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. ఆ మాటను పార్కర్ చివరిదాకా మోశాడు.

తర్వాత ఆయన హెన్రీకే చాప్లిన్ అయ్యాడు, 1544లో తన కాలేజీకే మాస్టర్ (అధిపతి) అయ్యాడు. 1549లో నారిచ్ బయట మౌస్‌హోల్డ్ హీత్‌లో రాబర్ట్ కెట్ నాయకత్వంలో వేలాది రైతులు తిరగబడి కూర్చున్నప్పుడు, పార్కర్ వాళ్ల మధ్యకే వెళ్లి ఓక్ చెట్టు మీద నుంచి ప్రసంగం చేశాడు. శాంతంగా ఉండమన్నందుకు కొందరు ఆయన మీద మండిపడ్డారు. ఇంతలో ఒక కీర్తన అందుకోవడంతో జనం దృష్టి అటు మళ్లింది, ఆ సందట్లో ఆయన బయటపడ్డాడు. రాజుగారి మనిషిగా పేరున్న ఒకాయన అలా వెళ్లడానికి ఎంత గుండె ధైర్యం కావాలో!

ఆయన పెళ్లి సంగతి నాకు మరీ దగ్గరగా తోస్తుంది. మా తాతయ్య సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో అయ్యగారు, అంటే పాస్టర్. మా నానమ్మను ఊరంతా అమ్మగారు అనేవాళ్లు. సండే స్కూల్ నడపడం, స్త్రీల కూటం పెట్టడం, వచ్చినవాళ్లకు అన్నం పెట్టడం అన్నీ ఆమె చేతి మీదే జరిగేవి. అయ్యగారికి భార్య ఉండటం మాకు వింతేమీ కాదు. పార్కర్ మార్గరెట్‌ను పెళ్లాడిన 1547 నాటికి ఇంగ్లండ్‌లో చర్చి గురువుల పెళ్లిని ఒప్పుకునే చట్టం ఇంకా రాలేదు, అది 1549లో వచ్చింది. మేరీ రాణి గద్దెనెక్కి పాత క్యాథలిక్ మతం తిరిగి తెచ్చాక, పెళ్లయిందన్న కారణం మీదే ఆయన పదవులన్నీ ఊడిపోయాయి. చాలామంది జర్మనీకి, స్విట్జర్లాండ్‌కు పారిపోయారు. పార్కర్ దేశం వదల్లేదు, తెలిసినవాళ్ల ఇంట్లో తలదాచుకున్నాడు. ఒక రాత్రి పరుగులో గుర్రం మీద నుంచి పడి, ఆ దెబ్బతో బతికినంత కాలం బాధపడ్డాడు.

1558లో ఎలిజబెత్ రాణి అయింది. ఇంగ్లండ్ చర్చిలో అందరికన్నా పెద్ద గురువైన కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా రమ్మంటే పార్కర్ వద్దని ఎంతో బతిమాలాడు. తల్లికి అంతగా రుణపడి ఉండకపోతే కూతురి కొలువుకు అంత తేలిగ్గా ఒప్పుకునేవాణ్ణి కానని తర్వాత ఆయనే రాసుకున్నాడు. 1559 డిసెంబర్ 17న లాంబెత్‌లో అభిషేకం జరిగింది. అయినా గురువులకు భార్యలుండటం ఎలిజబెత్‌కు చివరిదాకా నచ్చలేదు. ఒకసారి ఆమె ఆర్చిబిషప్ ఇంట్లో విందు తిని వెళ్తూ మార్గరెట్‌తో, మిమ్మల్ని మేడమ్ అని పిలవలేను, మిస్ట్రెస్ అనడానికి సిగ్గేస్తోంది, ఏమని పిలవాలో తెలియడం లేదు అన్నదని ఒక కథ చెప్తారు. ఆ కథ విన్నప్పుడల్లా నానమ్మే గుర్తొచ్చి నాకు మనసు చివుక్కుమంటుంది.

ఆర్చిబిషప్‌గా ఆయన చేసిన పనులు చాలా ఉన్నాయి, 1568లో వచ్చిన ఇంగ్లిష్ బైబిల్ అనువాదం బిషప్స్ బైబిల్ వాటిలో ఒకటి. కానీ నా దృష్టిలో అసలు పని పుస్తకాలు కాపాడటం. హెన్రీ మఠాలు మూసేయించినప్పుడు వాటి లైబ్రరీలు చెల్లాచెదురయ్యాయి. పార్కర్ ఆ రాతప్రతులను వెతికించి సేకరించాడు. అందులో నాలుగొందలకు పైగా కార్పస్ క్రిస్టీకే ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు షరతు కూడా పెట్టాడు: ఏటా పక్క కాలేజీలవాళ్లు వచ్చి లెక్క చూడాలి, నిర్ణీత సంఖ్యకు మించి పోతే మొత్తం కాయిస్ కాలేజీకి వెళ్లిపోతుంది!

ఆ లైబ్రరీలో నేను ఆరో శతాబ్దపు సువార్తల పుస్తకంలోని లూకా బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. లూకా కూర్చుని ఉంటాడు, తల మీద రెక్కల ఎద్దు. ఆయన సేకరించిన మరో రాతప్రతిలో పాత ఇంగ్లిష్ అక్షరాల పక్కన ఎర్ర క్రేయాన్ గీతలు కనిపించాయి. అవి పార్కర్ లేదా ఆయన మనుషులు చదువుతూ పెట్టుకున్న గుర్తులని చెప్పారు. దాదాపు 450 ఏళ్లయినా ఆ ఎరుపు ఇంకా చెదరలేదు.